కాఫీ కలిస్తే మత్తు తగ్గుతుందా?

అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ నగరంలోని ‘ఫౌండర్స్’ వారి కె.బి.ఎస్. అనే నల్లబీరులో కాఫీ, చాక్లెట్ చేరుస్తారు. బూర్బన్ విస్కీ పోసి తీసిన ఓక్ పీపాల్లో నిలవ వుంచుతారు. గుక్కెడు తాగితే కాఫీ చేదు, చెక్క ఇచ్చిన వెనిల్లా వాసన తెలుస్తాయి. ఘాటు మాత్రం వాటి చాటున దాగుతుంది. చిక్కంతా అక్కడే!

ఇందులో ఆల్కహాలు దాదాపు 12 శాతం; మామూలు బీరులో 5. అంటే 355 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే దాదాపు రెండున్నర బీర్లకు సమానం.

‘కాఫీ వుందిగా, ఏమీ కాదు’ అనుకోకండి. కెఫీన్ మగతను కొంత తగ్గిస్తుందేమో గాని, రక్తంలోని ఆల్కహాలును తగ్గించదు.

రుచి చూడదలచినవారు భోజనంతోపాటు, నలుగురూ పంచుకుని, చిన్న గ్లాసుతో ఆపాలి. ఆ పైన బండి నడపరాదు. గర్భిణులు, కాలేయవ్యాధి వున్నవారు, నిద్రమాత్రలు వాడేవారు గుక్కెడైనా ముట్టరాదు.