పండుగ వంటలు, పడని బిడ్డలు

క్రిస్మస్ దగ్గరపడితే వాడరేవు, చీరాల వైపు ఇళ్లలో గులాబీ పువ్వులు, కజ్జికాయలు మొదలవుతాయి. వేరుశనగ పడని బిడ్డ ఉన్న తల్లికి మాత్రం అవి భయపు రోజులు. “కొంచెం తింటే ఏమవుతుందిలే” అనకండి. ఒక్క ముక్కకే పెదవులు వాచి, ఊపిరి అందకపోవచ్చు. అప్పుడు ఇంటి వైద్యం కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో ఎడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది.

వేయించినంత మాత్రాన ఆ గుణం పోదు. వేరుశనగపొడి కజ్జికాయలు వేగిన నూనెలో ఆ బిడ్డ పువ్వులు వేయకూడదు. గానుగ వేరుశనగ నూనె కూడా వద్దు. గుడ్డు పడకపోతే పువ్వుల పిండిని కొబ్బరిపాలతో కలపండి. కేకులో మెదిపిన అరటిపండు వేస్తే సరి. కాస్త బరువుగా వస్తుంది, అంతే.

సండే స్కూల్లో పంచే కేకు ఆ బిడ్డ కూడా తినగలిగేదే చేయించండి. బేకరీకి ముందే చెప్పాలి.