సముద్రం అవతల పంతులమ్మ ఉద్యోగం

మీ ఇంట్లో ఎమ్మెస్సీ, బి.ఇడి. చదివిన కూతురో, కోడలో, చెల్లెలో ఉందా? ఉంటే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. "మాల్దీవుల్లో టీచర్లు కావాలట! జీతం బాగా ఇస్తారట, ఇల్లు కూడా వాళ్ళే చూస్తారట!" ఈ మాట వినగానే ఎవరికైనా సినిమా పాటల్లో చూపించే నీలం సముద్రం, తెల్లటి ఇసుక కళ్ళ ముందు మెదులుతాయి. అది డబ్బు పెట్టి సరదాగా వెళ్ళేవాళ్ళ మాల్దీవులండీ. చేతిలో సుద్దముక్కతో వెళ్ళిన మనవాళ్ళ మాల్దీవులు వేరు. ఆ రెండో దాని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనే ఈ వ్యాసం.

ఇంటర్‌తో చదువు ఆపేసి వంటింట్లో స్థిరపడ్డ నాకు ఈ సంగతులన్నీ ఎలా తెలుసంటారా? మా చిన్న ఆడపడుచు 2017లో వెళ్ళి 2024 దాకా అక్కడ ఒక చిన్న దీవిలో లెక్కలు చెప్పింది. వాళ్ళబ్బాయి మా ఇంట్లోనే పెరిగాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోనొచ్చేది. మొదటి పది నిమిషాలు కొడుకుతో, ఆ తర్వాత అరగంట "వదినా..." అంటూ నాతో. ఏడేళ్ళ పాటు విన్న కబుర్లు కదా, నేనూ అక్కడ కాపరం చేసొచ్చినట్టే ఉంటుంది!

మాల్దీవులంటే దాదాపు 1190 దీవులు. వాటిలో జనం ఉండేవి 200 లోపే. దేశం మొత్తం జనాభా 2022 లెక్కల ప్రకారం 5 లక్షల పైచిలుకు, అందులో మనలాంటి పరదేశీయులు కూడా కలిసే. తిరువనంతపురం నుంచి విమానంలో రాజధాని మాలే చేరడానికి గంటా గంటంపావు చాలు. అసలు ప్రయాణం ఆ తర్వాతే మొదలవుతుంది. ఉద్యోగం మాలేలో వస్తే సరే, లేదంటే మళ్ళీ చిన్న విమానమో, పడవో ఎక్కాలి. మా ఆడపడుచు వెళ్ళిన దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఇరవై నిమిషాలు. కుక్క అరుపు వినపడదట, ఎందుకంటే ఆ దేశంలో కుక్కల్ని పెంచుకోనివ్వరు. "మొదటి వారం ఆ నిశ్శబ్దానికే నిద్ర పట్టలేదు వదినా" అంది.

మరి అక్కడ బళ్ళకి మనవాళ్ళెందుకంటే, వాళ్ళు 1960ల నుంచి చదువు ఇంగ్లీషు మీడియంలోకి మార్చుకున్నారు. వాళ్ళ భాష ధివేహి, మత విషయాలు వాళ్ళవాళ్ళే చెప్తారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, అకౌంట్సు లాంటివి చెప్పడానికి సొంత టీచర్లు చాలక ఇండియా, శ్రీలంకల నుంచి పిలిపించుకుంటారు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో కేరళ వాళ్ళు ఎక్కువ. మన తెలుగువాళ్ళు ఆ దారి పట్టింది తర్వాతే.

ముందు కాగితాల సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది అదే కాబట్టి. మాల్దీవులకి వెళ్ళే మనవాళ్ళకి అక్కడ దిగగానే 30 రోజుల టూరిస్టు వీసా ఊరికే ఇస్తారు. మోసగాళ్ళకి ఇదే వరం! "ముందు వెళ్ళిపోండి, ఉద్యోగం కాగితాలు అక్కడ చేయిస్తాం" అంటారు. మాకు తెలిసిన ఒక అమ్మాయిని ఇలాగే పంపించాడో ఏజెంటు. ఆ బడిలో ఖాళీయే లేదు. ఇరవై ఎనిమిదో రోజున, తల్లి గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు పోగొట్టుకుని ఇంటికొచ్చింది. టూరిస్టు వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఉద్యోగానికి అనుమతి కాగితం అక్కడి వాళ్ళు ముందే తెప్పించి పంపాలి, అది చేతికొచ్చాకే టిక్కెట్టు కొనుక్కోవాలి. మన విదేశాంగ శాఖ వారి 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైట్లో లైసెన్సున్న ఏజెంట్ల పేర్లన్నీ ఉంటాయి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి., అంతే. లక్షన్నర అడిగాడంటే అక్కడే లేచి వచ్చెయ్యండి. డిగ్రీ సర్టిఫికెట్ల మీద ప్రభుత్వ ముద్రలు వేయించడం, పోలీసు సర్టిఫికెట్టు, డాక్టరు పరీక్షలు... వీటికే రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడి లాభం లేదు.

ఇక జీతం. ఇక్కడ ప్రైవేటు బడిలో చేతికొచ్చేదానికి సుమారు నాలుగింతలు వచ్చేది మా ఆడపడుచుకి. వినడానికి బాగుంది కదూ! కానీ జీతం డాలర్లలో కాదు, రుఫియాల్లో. అక్కడి ప్రభుత్వం 2011 నుంచి డాలరు ధర 15.42 రుఫియాలు దాటకుండా కట్టడి చేసింది. ఆ ధరకి బ్యాంకులో దొరికితే 15,420 రుఫియాలకి వెయ్యి డాలర్లు. అన్నిసార్లూ దొరకవు. దేశంలో డాలర్లు తక్కువైనప్పుడల్లా బ్యాంకులు 'నెలకి ఇంతే పంపించుకోండి' అని హద్దు పెడతాయి. బయట చాటుమాటుగా కొంటే చట్టరీత్యా తప్పు, పైగా ధర ఎక్కువ. పద్దెనిమిది రుఫియాల లెక్కన కొంటే అదే డబ్బుకి 856 డాలర్లే వస్తాయి. అంటే నూట నలభై పైచిలుకు డాలర్లు గాలికి పోయినట్టే! పాలవాడికి, పేపరువాడికి పైసలతో సహా లెక్క రాసే మనలాంటి వాళ్ళం ఈ లెక్క వెయ్యకుండా ఎలా ఒప్పుకుంటాం చెప్పండి? జీతం ఎంతని అడగడంతో సరిపెట్టకండి. నెలకి ఎంత ఇంటికి పంపగలరో అడగండి. ఇంటి అద్దె ఎవరిది, సెలవుల్లో జీతం ఉంటుందా, ఏడాదికొకసారి రానూపోనూ టిక్కెట్టు ఇస్తారా అన్నవి నోటిమాటగా కాకుండా ఒప్పందం కాగితం మీద ఉండాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ డబ్బుతోనే వాళ్ళ మామగారి అప్పు తీరింది, రేకుల ఇంటికి శ్లాబు పడింది.

తిండి దగ్గరికొస్తే... అది ఇసుక నేల, పెద్దగా ఏమీ పండదు. మన వంటింటి సామాను చాలామటుకు ఓడల్లో మన దేశం నుంచే వెళ్తుంది. 1981లో రాసుకున్న ఒప్పందం ప్రకారం, ఇక్కడ ఎగుమతి నిషేధం ఉన్నా సరే, వాళ్ళకి బియ్యం, ఉల్లిపాయలు, పంచదార, పప్పు కొంత కోటా పంపుతాం. 2024-25 సంవత్సరానికి ఒక్క కోడిగుడ్లే 42 కోట్ల పైచిలుకు! అయినా ఇదంతా మాలే రేవులో దిగి, పడవెక్కి, చివరి దీవి కొట్టుకి చేరాలి కదా. నైరుతి రుతుపవనాల్లో సముద్రం ఎగసిపడితే పడవ రాదు. పడవ రాకపోతే టమాటా లేదు, పచ్చిమిర్చి లేదు. మా ఆడపడుచు వారం రోజులు ఉల్లిపాయ పులుసుతో గడిపిన సందర్భాలున్నాయి. తాగడానికి ట్యాంకుల్లో పట్టుకున్న వాన నీళ్ళు.

వాళ్ళ ప్రాణమంతా చూర చేప. పొద్దున్నే కొబ్బరికోరు, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం, చేప కలిపి చేత్తో పిసికి, చపాతీ లాంటి 'రోషి'తో తింటారు. దాన్ని 'మస్ హుని' అంటారు. మస్ అంటే చేప, హుని అంటే కొబ్బరి. శాకాహారి అయిన మా ఆడపడుచుని కాపాడింది మునగచెట్టు! అవునండీ, అక్కడ మునగ బాగా పెరుగుతుంది, వాళ్ళూ ఆకు వాడతారు. పక్కింటావిడ మొదటిసారి ఇంత మునగాకు దూసి తెచ్చి ఇస్తే మా అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయట. చేప బదులు సన్నగా తరిగిన లేత మునగాకు వేసి ఆ కొబ్బరి పిసుకుడు చేసుకునేది. నేనూ చేసి చూశాను. కప్పు పచ్చి కొబ్బరికోరుకి ఒక చిన్న ఉల్లిపాయ, గుప్పెడు ఆకు, ఒక పచ్చిమిర్చి, అరచెక్క నిమ్మరసం, ఉప్పు చాలు. ఉల్లిపాయని ముందు ఉప్పు, నిమ్మరసంతో నలిపితే ఘాటు పోతుంది. చపాతీల్లోకి బాగుంటుంది.

బడి సంగతి చెప్పనేలేదు కదూ! పిల్లలు 'మిస్' అంటారు. ధివేహి కుడి నుంచి ఎడమకి రాస్తారు కాబట్టి ఆ నోటుబుక్కు వెనకవైపు నుంచి తెరుస్తారు, లెక్కల పుస్తకం మనలాగే తెరుస్తారు. హిందీ సినిమాలు, సీరియల్సు చూసి చూసి చాలామందికి హిందీ అర్థమవుతుంది. ఇంటర్లో హిందీ అంటే పారిపోయిన మా అమ్మాయి ఆ దీవిలో హిందీ నేర్చుకుంది!

కొట్టడం, తిట్టడం కుదరదు. ముప్పై మార్కులు వచ్చిన పిల్లాడు కూడా నవ్వుతూ సముద్రంలో దూకడానికి పోతాడు. "వీళ్ళకి భయం లేదు వదినా, ఎలా చదివించాలి?" అని మొదటి ఏడాదంతా ఏడుపే. పైన 'లీడింగ్ టీచర్' అని ఒకరుంటారు, వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం చూస్తారు. ప్రతి పాఠానికీ ప్రణాళిక రాసి చూపించాలి. పదో తరగతి పిల్లలు ఇంగ్లండు కేంబ్రిడ్జి వారి పరీక్ష రాస్తారు. మన బట్టీ పద్ధతి అక్కడ పనికిరాదు, ఎందుకలా వచ్చిందో చెప్పాలి. పన్నెండేళ్ళు ఇక్కడ పాఠం చెప్పిన మనిషి మళ్ళీ రాత్రుళ్ళు కూర్చుని పాత ప్రశ్నపత్రాలు చేసుకునేది.

రెండో ఏడు ఒక పిల్ల ఉండేదట. తండ్రి చేపల పడవ మీద పోతే వారాల తరబడి రాడు. తమ్ముళ్ళని చూసుకుంటూ బడి మానేసేది. మా ఆడపడుచు సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళి, తమ్ముళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని దానికి లెక్కలు చెప్పింది. ఆ పిల్ల లెక్కల్లో మంచి గ్రేడు తెచ్చుకుంది. ఆ రోజు తండ్రి ఒక పెద్ద చేప తెచ్చి గుమ్మంలో పెట్టి, "మిస్ తినరని తెలుసు, కానీ మా ఇంట్లో ఇంతకంటే మంచిది లేదు" అన్నాడట. ఆ చేప పక్కింటికి పోయిందనుకోండి! ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం జీతం మాట ఎత్తదు మా అమ్మాయి.

పూజ గురించి మీరడుగుతారని తెలుసు. ఆ దేశపు పౌరులంతా ముస్లింలు. వేరే మతం వాళ్ళు బయట పూజలు చెయ్యకూడదు, విగ్రహాలు వెంట తీసుకెళ్ళకూడదు, కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారు. ఇష్టపడే వెళ్తున్నప్పుడు వాళ్ళ ఇంటి పద్ధతి మనం మన్నించాలి. మా అమ్మాయి పొద్దున్నే కళ్ళు మూసుకుని మనసులోనే అనుకునేది. రంజాన్ నెలలో పగలు నలుగురి ముందు తినేది కాదు. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి. అందుకని ఆదివారం నాడు కొడుకు ఇంట్లో ఖాళీగా ఉంటే తల్లి పాఠం చెప్తూ ఉండేది.

2020లో కరోనా వచ్చింది. బళ్ళు మూశారు, విమానాలు ఆగాయి. మే 8న మన నౌకాదళం వారి జలాశ్వ ఓడ మాలే నుంచి 698 మందిని ఎక్కించుకుని మే 10న కొచ్చి చేర్చింది. వాళ్ళలో 19 మంది గర్భిణులు. మేం టీవీ ముందు కూర్చుని చూస్తున్నాం. మా ఆడపడుచు అందులో లేదు. అవసరం ఎక్కువున్నవాళ్ళు ముందు కదా. ఆమె రావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది.

దానికంటే కష్టమైన రోజు 2022 జూలైలో వచ్చింది. మా అత్తగారు పోయారు. కబురు గంటలో అందింది, మనిషి అందలేదు. సముద్రం బాగాలేదని పడవలు ఆపేశారు. రెండు రోజులు ఒడ్డున కూర్చుని, మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చింది. అప్పటికి అన్నీ అయిపోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ ఆ అమ్మాయి వాళ్ళమ్మ మంచం మీద నుంచి రెండు రోజులు లేవలేదు.

2024 జనవరిలో రెండు దేశాల నాయకుల మధ్య మాటల గొడవ వచ్చినప్పుడు ఇక్కడ మాకు గాభరా. అక్కడున్న మన సైనికుల్ని ఆ ఏడు మే నాటికి వెనక్కి పంపించేశారు కూడా. ఫోన్ చేస్తే, "ఇక్కడెవరూ నన్నేమీ అనలేదు వదినా, పొద్దున పక్కింటావిడ రోషి పంపించింది" అంది.

తిరిగి రావడానికి కారణం ఆ గొడవ కాదు. అంతకు ముందు సెలవులకి వచ్చినప్పుడు, కొడుక్కి తన చేత్తో అన్నం పెడదామని కంచం పట్టుకుని నిలబడింది. వాడు తల్లి పక్క నుంచి వచ్చి నా కొంగు పట్టుకుని, "అత్తా, ఆకలేస్తోంది" అన్నాడు. వాడికి పధ్నాలుగేళ్ళు, ఏ ఉద్దేశమూ లేదు, అలవాటు అంతే. నేను గరిటె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ రాత్రి వాళ్ళాయనతో ఏం మాట్లాడుకుందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తన పదో తరగతి పిల్లలు పరీక్ష రాసేదాకా ఉండి, ఆ ఏడు ఒప్పందం మళ్ళీ రాయకుండా వచ్చేసింది.

వెళ్ళొద్దని నేననను. పెళ్ళికి ముందు వెళ్ళే అమ్మాయి లెక్క వేరు, చంటిపిల్లని వదిలి వెళ్ళే తల్లి లెక్క వేరు. భార్యాభర్తలిద్దరూ టీచర్లై ఒకే దీవిలో పోస్టింగు దొరికితే అంతకంటే కావలసిందేముంది! పెద్దలం మనం "వెళ్ళు, డబ్బొస్తుంది" అని తోసెయ్యకుండా, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు, ఎన్నేళ్ళు అన్నది ముందే కూర్చుని మాట్లాడుకుంటే మంచిది.

మా వీధి చివరింటి అమ్మాయికి ఇప్పుడు పిలుపొచ్చింది. ఒప్పందం కాగితాలు పట్టుకుని రోజూ సాయంత్రం మా ఆడపడుచు దగ్గరికి వస్తోంది. సామాను బరువు హద్దులో ఉండాలి కాబట్టి ఏం పెట్టాలో జాబితా రాయించింది. చిన్న కుక్కరు, దానికి రెండు అదనపు గాస్కెట్లు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు, కందిపొడి, నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టిన ఆవకాయ, కాటన్ చీరలకంటే చుడీదార్లు ఎక్కువ, గొడుగు, మందుల చీటీతో సహా మందులు. చింతపండు అరకిలో చాలదు, కిలో పెట్టుకోమంది.