మంద్రధ్వని పేటిక

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందలి క్రొత్త యిండ్లలో పాటల యంత్రమునకు తోడుగా సబ్‌వూఫర్ అను మంద్రధ్వని పేటికను చేర్చుకొనువారు కలరు. మృదంగపు టెడమవైపు గుంకారమును చిన్న స్పీకర్లు పలుకజాలవు. సామాన్యముగా సెకనుకు 80 కంపనములకు దిగువనున్న ధ్వనిని ఈ పేటికకు విడిచిపెట్టుదురు.

చిక్కంతయు గదిలో నున్నది. 40 కంపనముల నాదమునకు తరంగదైర్ఘ్యము ఎనిమిదిన్నర మీటర్లు. అందు సగము పొడవు గల గదిలో ఆ నాదము గోడలకడ ఉబ్బి, నడుమ నణగును. పేటికను మూల నుంచిన మ్రోత హెచ్చును. హెచ్చినదెల్ల సంగీతము గాదు. కావున మొదట పేటికను మీరు కూర్చుండు చోటనే యుంచి మ్రోయించుడు. పిదప గోడల వెంబడి వంగి తిరుగుచు వినుడు. (నా యీడువారు మనుమని పంపవచ్చును.) ఎచ్చట నాదము సమముగా వినవచ్చునో అచ్చటికి పేటికను మార్చుడు. రెండు పేటికలను ఎదురెదురు గోడల మధ్యభాగములం దుంచిన హెచ్చుతగ్గులు చాలవరకు సర్దుకొనును.

మంద్రనాదమును గోడ సులభముగా నాపదు. మా ప్రక్కవాటా వృద్ధురా లొకనాడు, “రాత్రంతా ఎవరో దంచుతున్నట్టే ఉన్నది పంతులుగారూ, కన్ను మూతపడలేదు” అని వాపోయినది. పైయింటి చిన్నవానిని పిలిచి పేటికను ఉమ్మడిగోడనుండి జరిపించితిని. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములలో రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు. ఆ వేళ పేటికను మాత్ర మాపి, చిన్న స్పీకర్లతో పాట వినవచ్చును.