సోలార్ వాచీ: ఎండ పని ఎంతవరకు?

సోలార్ వాచీ కట్టుకున్నవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఎండలో పెడితే టైమ్ దానంతటదే సరిపోతుందా?" సరిపోదు. ఎండ దానికి తిండి పెడుతుంది, అంతే. టైమ్ పెట్టే పని మనది. ఈ రెండూ వేరని తెలిస్తే ఆ వాచీతో వచ్చే చిక్కుల్లో సగం తీరినట్టే.

ఒకవేళ ఎండను నమ్మి టైమ్ పెట్టుకుంటే ఏమవుతుందో హైదరాబాద్ దగ్గరి మన ఇబ్రహీంపట్నంలోనే లెక్క వేసి చూడొచ్చు. మన దేశమంతా పాటించే టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఇబ్రహీంపట్నం దానికి పడమరన, 78.6 డిగ్రీలకు అటూ ఇటుగా ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అందుకే పెద్ద చెరువు కట్ట మీద నీడ బాగా పొట్టిదయ్యే వేళకు వాచీలో పన్నెండు దాటి సగటున పావుగంట అయి ఉంటుంది. సగటున అనడం ఎందుకంటే, సూర్యుడి చుట్టూ భూమి నడక ఏడాది పొడుగునా ఒకే వేగంతో సాగదు, దాని ఇరుసూ వంగి ఉంది. అందువల్ల ఫిబ్రవరి రెండో వారంలో ఇక్కడి నడిపొద్దు పన్నెండున్నర దాకా జరుగుతుంది. నవంబరు మొదట్లో అయితే పన్నెండు కొట్టేసరికే వచ్చేస్తుంది. అన్నవరం కొండ మీద నీడ గడియారం ఉంది. ఆ ఊరు 82.4 డిగ్రీల దగ్గరే కాబట్టి దానికి పావుగంట బెడద లేదు గానీ, నెలనెలా మారే తేడా తప్పదు. పొద్దును చూసి టైమ్ చెప్పేది అది. చేతి సోలార్ వాచీ పొద్దును చూడనే చూడదు.

మరి లోపల జరిగేదేమిటి? డయల్ మామూలుగానే కనిపిస్తుంది కానీ కొంత వెలుతురును కిందికి పోనిస్తుంది. దాని కింద సౌరఫలకం, ఆ ఫలకం ఇచ్చే కరెంటును దాచుకోవడానికి మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యే చిన్న సెల్లు ఉంటాయి. టైమ్ లెక్క మాత్రం క్వార్ట్జ్ స్ఫటికానిదే. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే ఒకటి మిగులుతుంది, సెకన్ల ముల్లుకు అందే తోపు అదే. మామూలు సెల్లు వాచీలోనూ ఉండేది ఈ ఏర్పాటే. కాబట్టి సోలార్ అయినంత మాత్రాన టైమ్ ఎక్కువ కచ్చితంగా ఉండదు. రెండూ నెలకు పదిహేను సెకన్ల దాకా ముందుకో వెనక్కో పోతాయి. సెల్లు మార్చే తిప్పలు తప్పడమే ఇందులోని లాభం. ముళ్లున్న క్వార్ట్జ్ వాచీని వెలుతురుతో మొదట నడిపించింది జపాన్ కంపెనీ సిటిజన్, 1976లో. మన టైటాన్ 2011లో హెచ్‌టీఎస్‌ఈ పేరుతో ఇలాంటివి తెచ్చింది.

ఎండకు కరువు లేని ఊళ్లో ఛార్జింగ్ గురించి చెప్పేదేముంది అనిపిస్తుంది. కానీ ఆదిభట్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు, శేరిగూడ కాలేజీల్లో చదివేవాళ్లు పగలంతా ఉండేది ట్యూబులైట్ల కిందే. నడి ఎండ వెలుతురు దాదాపు లక్ష లక్స్ అయితే ఆఫీసు గదిలో ఐదొందలు, అంటే అందులో రెండొందో వంతే. ఎండలో కొన్ని నిమిషాల్లో అందే ఒక రోజు ఛార్జికి గదిలో గంటలు కావాలి. దానికి తోడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఉంటే ఆ కాస్తా అందదు. సాగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు చొక్కా చేతులు కాస్త పైకి మడిస్తే చాలు. అలాగని మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లకండి. దానికి కావాల్సింది వెలుతురే, వేడి కాదు. అరవై డిగ్రీలు దాటితే సెల్లు పాడవుతుంది.

సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతుంటే వాచీ చెడిపోయిందని కంగారుపడతారు. ఛార్జి తగ్గిందని అది చెప్పే పద్ధతి అది, వెలుతురు చూపిస్తే సర్దుకుంటుంది. తెలియని చోట విప్పించి మామూలు సెల్లు వేయిస్తే మాత్రం ప్రమాదం. ఆ సెల్లు ఛార్జింగును తట్టుకోలేదు, పగిలే వీలుంది.

ఇక టైమ్ పెట్టడం. పూర్తిగా ఆగిన వాచీ అయితే ముందు బాగా ఛార్జ్ కానివ్వండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీ చక్రం మారే వేళ, వాచీలో ఆ టైమ్ ఉన్నప్పుడు తేదీని కదపొద్దు. ముళ్లను ముందు పగటి వేళకు తిప్పి తర్వాత తేదీ మార్చండి. కీ పూర్తిగా లాగి ముళ్లు తిప్పుతున్నప్పుడు తేదీ మారిందంటే అది అర్ధరాత్రి పన్నెండు. ఈ గుర్తు తెలియకపోతే మధ్యాహ్నం పూట తేదీ మారే వాచీతో తిరగాల్సి వస్తుంది. సెకన్ల ముల్లు పన్నెండు మీద ఉన్నప్పుడే కీ లాగి, ఫోనులో నిమిషం మారగానే నొక్కితే సెకన్లూ కలుస్తాయి. చాలా వాచీల్లో తేదీ చక్రం 31 దాకా తిరుగుతుంది. ముప్పై రోజుల నెలల తర్వాత, ఫిబ్రవరి తర్వాత చేత్తో దిద్దాల్సిందే.

అమెరికా నుంచి పిల్లలు పంపిన సోలార్ వాచీలతో ఇంకో చిక్కు. వాటిలో కొన్ని రేడియో సంకేతాన్ని అందుకుని టైమ్ వాటంతటవే దిద్దుకుంటాయి. న్యూజెర్సీలో అది పనిచేసేది కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ కేంద్రం చలవ వల్ల. జపాన్, చైనా, జర్మనీ, బ్రిటన్లలోనూ అలాంటి కేంద్రాలున్నాయి. చేతి వాచీలు అందుకునే ఆ తరహా కేంద్రం మన దేశంలో లేదు. కాబట్టి ఇక్కడ వాచీలోని ఊరి పేరును న్యూయార్క్ నుంచి ఢిల్లీకి మార్చాలి, గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందుండేలా. అయినా సరిగ్గా గంట ముందుంటే వేసవి సమయం ఆన్‌లో ఉండిపోయిందని అర్థం, దాన్ని ఆపేయాలి. రాత్రిపూట సంకేతం కోసం వెతికే ఏర్పాటునూ ఆపేస్తే, లేని సంకేతం కోసం వాచీ తన ఛార్జిని వృథాగా ఖర్చు చేయదు.