ఓటు లేదు... మాట ఉంది!

పంచాయతీ సమావేశం. మోరీల పని మీద తీర్మానం. ‘ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి’ అంటారు సర్పంచి. వార్డు సభ్యుల చేతులు లేస్తాయి. పక్కనే కూర్చున్న ముగ్గురి చేతులు మాత్రం ఒళ్లోనే ఉంటాయి. ఎత్తినా లెక్కలోకి రావు మరి! వాళ్లు కోఆప్షన్ సభ్యులు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తెచ్చిన కుర్చీలివి. ఒకటి విశ్రాంత ఉద్యోగికి లేదా ఊళ్లోని పెద్దవయసు వారికి. ఒకటి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం అధ్యక్షురాలికి. మూడోది ఊరి బాగుకు డబ్బిచ్చిన దాతకు లేదా ప్రవాస భారతీయుడికి. చర్చలో పాల్గొనవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. ఆ మాటకొస్తే, జనం ఓట్లతో గెలిచిన ఎంపీటీసీ సభ్యుడు కూడా పంచాయతీ సమావేశంలో ఆహ్వానితుడే. ఆయనకూ అక్కడ ఓటు లేదు!

2019 జనవరి ఎన్నికల తర్వాత ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లోనూ ఈ కుర్చీలు పడ్డాయి. మూడోదాని సంగతే చిత్రం. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌కు మనిషి వెళ్లని వాడ అరుదు. ఆ ఇళ్లు నిలబడింది దుబాయ్, మస్కట్ చెమటతోనే. అయినా ‘ప్రవాసి’ అనగానే మనకు గుర్తొచ్చేది బడికి గేటు కట్టించిన అమెరికా బాబే గానీ, లేబర్ క్యాంపులో ఉన్న మల్లయ్య కాదు.

ముగ్గురినీ ఎంచుకునేది పాలకవర్గమే. అందుకే టికెట్టు దక్కనివారికి, సర్పంచి మనుషులకు ఇచ్చే ఓదార్పు పదవిగా ఇది మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సంఘం అధ్యక్షురాలి కుర్చీ అలా కాదు. ఆమె వెనుక పొదుపు చేసే ఆడవాళ్లు ఉంటారు. ఏ బోరు ఎండిందో, ఏ వీధిలో దీపం వెలగడం లేదో ఆమెకు తెలిసినంత కొందరు వార్డు సభ్యులకు తెలియదు. అయినా లేచి అడిగితే, ‘నీకు ఓటు లేదు గదక్కా, కూసో’ అనేవాళ్లుంటారు.

ఓటు లేకపోవడం చిన్న విషయమేమీ కాదు. ఉపసర్పంచిని ఎన్నుకోవడంలో ఈ ముగ్గురికీ పాత్ర లేదు. 2019లో సర్పంచితో పాటు ఉపసర్పంచికీ చెక్కుల మీద సంతకం చేసే అధికారం వచ్చింది. అంటే డబ్బు దగ్గరికి వెళ్లే దారి వీళ్లకు మూసే ఉందన్నమాట. ఇక మిగిలింది నోరు. అదీ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కితేనే. ‘నా అభ్యంతరం రాయండి సార్’ అని కార్యదర్శిని అడిగే కోఆప్షన్ సభ్యురాలికి, టీ తాగి వెళ్లిపోయే సభ్యుడికి మధ్య చాలా దూరం ఉంది.

ఇంకో దారి కూడా ఉంది. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటుంది అదే చట్టం. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. పంచాయతీ గదిలో చెయ్యెత్తలేని ఆ అక్క, చావడి ముందు చెట్టు కింద సభలో సర్పంచితో సమానం. వచ్చేటప్పుడు సంఘంలోని ఆడవాళ్లనందరినీ వెంటబెట్టుకొచ్చిందనుకోండి... మోరీల లెక్క మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే!