పచ్చ పింగాణీలో ధర పలికేది ఆధారానికే
డ్రాగన్ జాడీల అసలు, నకిలీ తేల్చే తీరు

చైనా పచ్చ పింగాణీ జాడీలకు తూకం లేదు, గ్రేడు లేదు, వాయిదా బేరం అంతకన్నా లేదు. పక్కపక్కన పెట్టిన రెండు డ్రాగన్ జాడీలలో ఒకటి కొన్ని వేల రూపాయలకు పోవచ్చు, రెండోది కోట్లు పలకవచ్చు. రంగు ఒకటే, ఎత్తు ఒకటే, ఒంటికి చుట్టుకున్న డ్రాగన్ కూడా ఒకటే. తేడా అంతా అది ఏ బట్టీలో, ఏ కాలంలో కాలిందన్న ఆధారంలో ఉన్నది. ఈ వ్యాపారంలో సరుకు కన్నా రుజువుకే గిరాకీ ఎక్కువ. రుజువులకు కూడా నకిలీలు తయారవుతూ ఉండడమే అసలు చిక్కు.

2022 అక్టోబరు 1న ఫ్రాన్సులోని ఫోంటెన్‌బ్లోలో జరిగిన ఒక వేలం ఇందుకు మంచి ఉదాహరణ. నీలం, తెలుపు రంగుల్లో డ్రాగన్లు, మేఘాలు చిత్రించిన 54 సెంటీమీటర్ల జాడీ ఒకటి పాటకు వచ్చింది. అది 20వ శతాబ్దపు సరుకని వేలం సంస్థ నిపుణుడు తేల్చి, 1,500 నుంచి 2,000 యూరోలు పలకవచ్చునని అంచనా కట్టాడు. పాట 77 లక్షల యూరోల వద్ద ఆగింది. రుసుములు కలిపితే కొనుగోలుదారుకు 91 లక్షల యూరోలు దాటింది. అది 18వ శతాబ్దపు అసలు సరుకని పోటీ పడినవారు నమ్మారు. నిపుణుడు మాత్రం తన మాట మార్చుకోలేదు. సంస్థ అతనితో సంబంధం తెంచుకున్నది. ఎవరి మాట నిజమో పాట ధర తేల్చలేదు. ఎవరికి ఎంత నమ్మకమో మాత్రమే తేల్చింది.

నీలం, తెలుపు సరుకులో కనీసం కుంచె గీత కంటికి కనబడుతుంది, మరో గీతతో పోల్చుకోవచ్చు. సెలడాన్ అని మార్కెట్‌లో పిలిచే పచ్చ పింగాణీలో ఆ వెసులుబాటు కూడా తక్కువే. అక్కడ డ్రాగన్ కూడా జాడీ రంగులోనే, గాజుపూత కిందే ఉంటుంది.

సరుకు పూర్వాపరాలు

పూతలో కొద్దిపాటి ఇనుము ఉంచి, బట్టీలోకి గాలి తగ్గించి కాలిస్తే ఈ పచ్చదనం వస్తుంది. గాలి ఎక్కువైతే అదే పూత పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. ఈ సరుకుకు పేరు తెచ్చినవి చెజియాంగ్ రాష్ట్రంలోని లుంగ్‌చువాన్ బట్టీలు. దక్షిణ సుంగ్ (1127-1279), యువాన్ (1279-1368) పాలకుల కాలాలు వాటికి మహర్దశ. తర్వాత 18వ శతాబ్దంలో యుంగ్‌చెంగ్ (1723-35), చియెన్‌లుంగ్ (1736-95) చక్రవర్తులు పాత పచ్చ రంగులను జింగ్‌దెజెన్ బట్టీలలో మళ్లీ చేయించారు. అంటే ఆనాడు నకలుగా తయారైన సరుకే ఈనాడు అసలు సరుకుగా కోట్లు పలుకుతున్నది. ఆ నకలుకు 19, 20 శతాబ్దాలలో మళ్లీ నకళ్లు వచ్చాయి. లుంగ్‌చువాన్ పట్టణంలో ఇప్పటికీ బట్టీలు మండుతున్నాయి. అక్కడి పనితనాన్ని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కొత్త సరుకును కొత్తదిగా అమ్మేవారితో పేచీ లేదు. దాన్నే తీసుకుపోయి ముసలిదాన్ని చేసే చేతులతోనే పేచీ.

తెలుగు దేశానికి ఈ సరుకు కొత్తేమీ కాదు. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఈ పళ్లెం పగులుతుందని, లేదా రంగు మారుతుందని నవాబుల ఇళ్లలో నమ్మకం ఉండేది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పచ్చ పింగాణీని చూడవచ్చు. విషం మాట నిజం కాదు గాని, ఆ నమ్మకం వల్ల అప్పట్లో గిరాకీ పెరిగిన మాట నిజం.

వయసు ఒక్కటే ధర తెస్తుందనుకోవడం పొరపాటు. 1975లో దక్షిణ కొరియాలోని సినాన్ తీరాన జాలరి వలలో పచ్చ పింగాణీ పడింది. వెతికితే చైనా నుంచి జపాన్ వెళుతూ మునిగిన ఓడ బయటపడింది. సరుకు మూటలకు కట్టిన కొయ్య చీటీల మీద 1323 సంవత్సరం తేదీ ఉన్నది. ఓడలో 20 వేలకు పైగా పింగాణీ సామాను ఉండగా, అందులో సగానికి మించి పచ్చ పింగాణీయే. ఒక్క ఓడలోనే ఇంత సరుకంటే, 700 ఏళ్ల నాటి మామూలు గిన్నె అరుదైనది కాదని తెలుస్తున్నది. మరోవైపు 2017 అక్టోబరులో హాంకాంగ్‌లో జూ బట్టీకి చెందిన 13 సెంటీమీటర్ల చిన్న పళ్లెం 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. అదీ ఈ పచ్చ కుటుంబపు సరుకే. కాని ఆ బట్టీవి ప్రపంచం మొత్తం మీద వందలోపే మిగిలాయి.

డ్రాగన్ చెప్పే సంగతులు

సుంగ్ కాలపు లుంగ్‌చువాన్ జాడీలు కొన్ని జతలుగా వచ్చేవి. ఒకదాని భుజం మీద డ్రాగన్, రెండోదాని మీద పులి. మృతులతో పాటు సమాధిలో పెట్టేందుకు చేసినవి ఇవి. డ్రాగన్‌ను విడిగా మలచి జాడీకి అతికించేవారు. కాబట్టి తల, తోక, కాళ్లు విరగడం సర్వసాధారణం. విరిగిన చోట జిగురుతో కొత్త తల పెట్టి రంగు వేసిన సరుకు మార్కెట్‌లో చాలా ఉన్నది. అతినీల లోహిత దీపం కింద చూస్తే తరచు ఆ అతుకు వేరే రంగులో వెలుగుతుంది. వేలితో మీటినప్పుడు కంగుమనక బొంగుగా పలికినా అనుమానించవలసిందే.

యువాన్ డ్రాగన్ సన్నని మెడ, చిన్న తల, పాములాంటి ఒడలు గలది. చియెన్‌లుంగ్ నాటికి ముఖం బరువెక్కింది. మేఘాల మధ్య ఎదురుగా చూసే డ్రాగన్ ఎక్కువైంది. అయిదు గోళ్ల డ్రాగన్ చక్రవర్తి వాడకానికని యువాన్ కాలం నుంచే ఆంక్షలున్నాయి. దళారులు ఈ గోళ్ల లెక్కనే పెద్దగా చెప్పి ధర పెంచుతారు. అయితే గోళ్లు చెక్కడానికి నకిలీదారుకు ఖర్చేమీ కాదు. ఒళ్లు ఒక కాలానిది, తల మరో కాలానిది అయినప్పుడే డ్రాగన్ పనికివచ్చే సాక్షి అవుతుంది.

అచ్చు విషయంలో ఒక చిన్న లెక్క వర్తకులకు బాగా ఉపయోగిస్తుంది. మట్టి ఆరి, కాలేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. మ్యూజియంలోని జాడీ నుంచి అచ్చు తీసి చేసిన నకలు అసలు కన్నా పొట్టిగా వస్తుంది. అంచులు మొద్దుబారతాయి. అందువల్ల కొనేముందు ఎత్తు, మూతి వెడల్పు, అడుగు వెడల్పు కొలిచి, అచ్చయిన మ్యూజియం కొలతలతో సరిచూసుకోవాలి. ఖర్చు లేని పరీక్ష ఇది, చాలామంది చేయరు.

తలకిందులు చేసి చూడాలి

ఆవకాయ జాడీ కొనే గృహిణి కూడా అడుగు తిప్పి చూస్తుంది. ఇక్కడ కూడా అసలు సంగతి అడుగులోనే ఉన్నది. లుంగ్‌చువాన్ మట్టిలో ఇనుము ఉన్నందున, పూత లేని అడుగు అంచు బట్టీ చల్లారే వేళ గాలి తగిలి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. అసలు సరుకులో ఆ ఎరుపు పూత అంచు దగ్గర చిక్కగా మొదలై క్రమంగా పలచబడుతుంది. నకిలీలో గోధుమ రంగు పూసి ఉంటుంది. గీత గీసినట్లు ఒక్కచోట ఆగుతుంది.

పూత మీద కొత్త మెరుపు పోగొట్టడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. సన్నని బీటల్లోకి టీ డికాక్షన్, మట్టి ఎక్కిస్తారు. పదింతలు చూపే భూతద్దం కింద ఇది చాలావరకు బయటపడుతుంది. వందల ఏళ్ల వాడకంలో పడిన గీతలు రకరకాల దిక్కులకు, రకరకాల లోతుల్లో ఉంటాయి. ఆమ్లం, రాపిడి కాగితం చేసిన పని అంతటా ఒకే మాదిరిగా ఉంటుంది. డ్రాగన్ వీపు మీద పూత పలచబడి తెల్లగా, పొలుసుల సందుల్లో చేరి చిక్కగా కనబడాలి.

అడుగున ఉండే చక్రవర్తి ముద్రను నమ్ముకుని మోసపోయినవారే ఎక్కువ. చియెన్‌లుంగ్ ఆరక్షరాల ముద్ర 19, 20 శతాబ్దాల సరుకు మీద కూడా విరివిగా ఉన్నది. పాత కాలపు ముద్ర వేయడం చైనాలో అన్నివేళలా మోసం కూడా కాదు. పూర్వులపై గౌరవంతో వేసినవీ ఉన్నాయి. కొన్న తర్వాత ఆ గౌరవం ఖరీదు కొన్నవాడి నెత్తినే పడుతుంది.

పోల్చడానికి తిరుగులేని నమూనాలు కావాలి. చెన్ వాన్లీ అనే పరిశోధకుడు 1928లో లుంగ్‌చువాన్ వెళ్లి పాత బట్టీల చోట్లు గాలించి పెంకులు సేకరించడంతో ఈ శాస్త్రానికి పునాది పడింది. ఏ బట్టీ మట్టి ఏ రంగు, పూత ఎంత మందం అన్నది పెంకు విరుపులోనే తెలుస్తుంది. 1892లో బొంబాయిలో పుట్టిన సర్ పెర్సివల్ డేవిడ్ సేకరణలో 1327 సంవత్సరం తేదీ చెక్కిన లుంగ్‌చువాన్ పూలజాడీ ఉన్నది. 2009 నుంచి ఆ సేకరణ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఇస్తాంబుల్ తోప్‌కాపీ రాజప్రాసాదంలో 1,300కు పైగా పచ్చ పింగాణీ వస్తువులున్నాయి. తేదీ తెలిసిన ఓడ, తేదీ చెక్కిన జాడీ, సుల్తానుల వంటశాల నిల్వ - సరిచూసుకోవడానికి ఇవి నమ్మదగిన తూనికరాళ్లు.

ప్రయోగశాల కాగితం

మట్టి చివరిసారి కాలి ఎంతకాలమైందో తేల్చే పరీక్షకు థర్మోల్యూమినిసెన్స్ అని పేరు. అడుగు నుంచి తొలిచి తీసిన కొద్దిపాటి మట్టిని వేడిచేస్తే వెలువడే వెలుగును బట్టి వయసు కడతారు. కొత్తదా, పాతదా అన్నంత వరకు ఇది గట్టి సాక్ష్యం. అయితే యువాన్ చివరిదా, మింగ్ మొదటిదా అని తేల్చేంత నిక్కచ్చి లెక్క కాదు. పైగా పాత గిన్నె అడుగు కోసి కొత్త జాడీకి అతికించేవారున్నారు. అడుగు నుంచే మట్టి తీస్తారు కాబట్టి, కాగితం మీద జాడీ మొత్తం పాతదవుతుంది! మిరప బస్తాకు పైన ఒక రకం, లోపల ఒక రకం పోసి శాంపిల్ తీయించే విద్య తెలిసినవారికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. ఎక్స్‌రే కిరణాలు తగిలించి వయసు పెంచవచ్చునన్నది కూడా తెలిసిన సంగతే. మట్టిని ఎక్కడెక్కడ తీశారో, ఫొటోతో సహా నివేదికలో ఉన్నదా అని చూడవలె.

వేలం కేటలాగు భాష వేరే చదువు. ‘చియెన్‌లుంగ్ ముద్ర, ఆ కాలానిదే’ అని ఉంటే సంస్థ పూచీ పడుతున్నట్లు. ‘చియెన్‌లుంగ్ ముద్ర’ అని ఊరుకుంటే, ముద్ర ఉన్నదని మాత్రమే అర్థం. పెద్ద సంస్థలు సాధారణంగా 5 ఏళ్ల హామీ ఇస్తాయి. అది శీర్షికలో పెద్ద అక్షరాలతో ఉన్న మాటకే గాని, కింది వర్ణనకు వర్తించదు.

పాట ధర చూసి మార్కెట్ ధర కట్టడం కూడా ప్రమాదమే. 2010 నవంబరులో లండన్ శివారులో ఒక చియెన్‌లుంగ్ జాడీ రుసుములతో కలిపి 5.16 కోట్ల పౌండ్లు పలికింది. పాడినవారు డబ్బు కట్టలేదు. 2013లో అది వేరొకరికి అందులో సగం కన్నా తక్కువకే పోయిందని వార్తలు వచ్చాయి.

ఇక్కడి చట్టం

మన దేశంలో 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉన్నది. నూరేళ్లు నిండిన వస్తువు చైనాలో చేసినదైనా పురావస్తువే. దాని అమ్మకం వ్యాపారానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడం నిషిద్ధం. చైనా కూడా 2007 నుంచి 1911కు ముందరి పురావస్తువుల ఎగుమతిని కట్టడి చేసింది. కాబట్టి పాత జాడీకి ఎప్పుడు, ఏ దారిన దేశం దాటిందన్న బిల్లు, పాత కేటలాగు పేజీ కూడా ధరలో భాగమే. ఇక్కడ కొన్న నిజమైన పాత సరుకుకు హాంకాంగ్ ధర వర్తించదు. దాన్ని అమ్ముకోవలసింది ఈ దేశంలోనే.

పురావస్తువు కాదని పురావస్తు శాఖ ధృవపత్రం ఇచ్చిన సరుకు దేశం దాటడానికి ఈ చట్టం అడ్డురాదు. జాడీ మూడు వందల ఏళ్ల నాటిదని చెబుతూనే, విదేశానికి చట్టప్రకారం పంపే ఏర్పాటు కూడా తానే చేస్తానని దళారి అంటే, ఆ రెండు మాటలలో ఒకటి అబద్ధం.