తువ్వాలు కింద ఆరిన గుడ్డ

ఎండ నడినెత్తిన ఉన్న వేళ సైనిక్‌పురిలో ఏ డాబా ఎక్కినా, ఆ ఇంట్లో ఎందరున్నారో ఎవరేం చేస్తారో దండెం చెప్పేస్తుంది. స్కూలు యూనిఫారాలు, కాలేజీ అమ్మాయి జీన్సు, పెద్దాయన బనియన్లు, అత్తగారి నేత చీర. ఒక్క సంగతి మాత్రం చెప్పదు. ఓ మూల తువ్వాలు అక్కర్లేకుండా రెండు మడతల మీద ఆరుతోందంటే దాని కింద ఇంకేదో ఉందని ఆ ఇంటి ఆడవాళ్లకి తెలుసు. పక్కింటి ఆడవాళ్లకీ తెలుసు. ఎవరూ అనరు.

మా అమ్మ తువ్వాలుకి ఎర్ర అంచు ఉండేది. దాని కింద పాత నూలు చీర చింపిన గుడ్డలు ఆరేవి. ఆరేవి అనకూడదేమో, మగ్గేవి. వానాకాలమైతే బాత్రూము తలుపు వెనక మేకుకి వేలాడేవి. ఆరేసిన గుడ్డని పాము దాటితే దోషమని ఒకరు, మగవాళ్ల కంట పడకూడదని ఒకరు. ఎవరేం చెప్పినా, గుడ్డ ఎండ మొహం చూడకూడదన్నదే చివరికి తేలేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంట్లోకి దుకాణం ప్యాడ్లు వచ్చాయి. ఆ రోజు నాకు పండగే. గుడ్డ ప్యాడ్ల గురించి రాసేవాళ్లు చాలామంది కొన్న ప్యాడ్‌ని రాక్షసిని చేస్తారు. నేను చెయ్యలేను. నెలకి రెండు రోజులు బడి ఎగ్గొట్టే అవసరం నాకు తప్పించింది అదే.

పాతికేళ్ల తర్వాత మళ్లీ గుడ్డ దగ్గరికి వచ్చాను. తొడల దగ్గర ఒరుసుకుపోయి దద్దుర్లు రావడం మొదటి కారణం. 2022లో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ బజారులో దొరికే 10 రకాల ప్యాడ్లు పరీక్షించి, అన్నిటిలోనూ థాలేట్లనే రసాయనాలున్నాయని చెప్పింది. అందులో ఆర్గానిక్ అని అచ్చేసుకున్నవీ ఉన్నాయి. నా దద్దుర్లకి అదే కారణమని డాక్టరు అనలేదు, నేనూ అనను. గుడ్డకి మారాక తగ్గాయి, అంతే.

రెండో కారణం జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. మా కాలనీ నుంచి కొద్ది కిలోమీటర్లే. సైనిక్‌పురి మాజీ సైనికోద్యోగుల కోసం వెలిసిన కాలనీ. పెద్ద పెద్ద స్థలాలు, మామిడి చెట్లు, ఇప్పుడు వాటి మధ్యలో కేఫ్‌లు. ఇక్కడి ముందుగదులు ఎంత శుభ్రంగా ఉన్నా, పొద్దున్నే స్వచ్ఛ ఆటోలో పడేసేదంతా హైదరాబాదు చెత్తతో కలిసి చివరికి చేరేది అక్కడి గుట్టలకే. వానాకాలం సాయంత్రాల్లో గాలి అటునుంచి తిరిగితే మేం పారేసినదాని వాసన మా వీధికే తిరిగొస్తుంది. నెలకి పన్నెండు ప్యాడ్ల చొప్పున ఏడాదికి 144, ముప్ఫై అయిదేళ్లకి ఐదు వేల పైచిలుకు. ఇది ఒక్క మనిషి లెక్క. ఒక్కో ప్యాడ్‌లో పైన పాలీప్రొపిలీన్ పొర, మధ్యలో చెక్క గుజ్జుతో పాటు తడిని పీల్చే పాలిమర్ పొడి, కింద పాలిథీన్. అది మట్టిలో కలవడానికి అయిదొందల ఏళ్లని కొందరు, ఎనిమిదొందలని కొందరు అంటారు. ఉండి చూసినవాళ్లెవరూ లేరు.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు, వాడిన ప్యాడ్‌ని కంపెనీ ఇచ్చే సంచిలోనో కాగితంలోనో గట్టిగా చుట్టి పొడి చెత్తలో వెయ్యమన్నాయి. పొడి చెత్తంటే ఎవరో ఒకరు చేత్తో విప్పి ఏరే చెత్త. చుట్టిన పొట్లంలో ఏముందో విప్పితేగానీ ఆ మనిషికి తెలియదు.

మాది సైనికుల కాలనీ కాబట్టి ఒక ముచ్చట. వాడి పారేసే ప్యాడ్ కథలో కూడా సైన్యం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకి పత్తి చాలక అమెరికాలో కింబర్లీ క్లార్క్ కంపెనీ చెక్క గుజ్జుతో దూది లాంటిది చేసింది. యుద్ధభూమిలో నర్సులు దాన్ని తమ నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయిపోయి సరుకు మిగిలిపోతే, ఆ నర్సుల తెలివే 1920ల మొదట్లో కోటెక్స్ పేరుతో అంగట్లోకి వచ్చింది.

ఇక గుడ్డ మంచిదా కాదా అన్న ప్రశ్న. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) చూడండి. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల అమ్మాయిల్లో శుభ్రమైన పద్ధతులు పాటించేవాళ్లు తెలంగాణలో 92 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం. సంతోషమే. కానీ ఆ సర్వేలో శుభ్రమైనవంటే కొన్న ప్యాడ్లు, స్థానికంగా తయారైన ప్యాడ్లు, టాంపాన్లు, కప్పులు. గుడ్డ ఆ జాబితాలోనే లేదు. ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డయినా, తలుపు వెనక మగ్గిన గుడ్డయినా ఒకటే లెక్క. దేశం మొత్తం మీద ఆ వయసు అమ్మాయిల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు గుడ్డ వాడుతున్నవాళ్లే. అంటే ఆ సగానికీ సర్వే ఒక్క చిన్న ప్రశ్న కూడా వెయ్యలేదు: ఎక్కడ ఆరేస్తావమ్మా?

ఒడిశాలో ఆ ప్రశ్న వేశారు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆసుపత్రులకి వచ్చిన ఆడవాళ్లని అడిగి, పరీక్షలూ చేశారు. మళ్లీ మళ్లీ వాడే గుడ్డ పెట్టుకునేవాళ్లలో ఫంగస్ ఇన్ఫెక్షన్ ఎక్కువే కనిపించింది, దాన్ని దాచి లాభం లేదు. అయితే ఆ గుడ్డ వాడేవాళ్లలో కూడా ఇంటి లోపల ఆరేసేవాళ్లకీ, మరుగుదొడ్డి మూల దాచిపెట్టేవాళ్లకీ అది ఇంకా ఎక్కువ. మా అమ్మ మేకు అదే. తప్పు చీర ముక్కది అనుకుంటూ వచ్చాం, ఆ మేకు జోలికి ఎవరూ పోలేదు.

గుడ్డ ప్యాడ్లు కొనాలంటే ఆరోవిల్‌లో 2010 ప్రాంతంలో మొదలైన ఎకో ఫెమ్ లాంటివాళ్లవి ఉన్నాయి. మన ప్రమాణాల సంస్థ కూడా వీటికోసం 2021లో ఐఎస్ 17514 అని ఒక ప్రమాణం తెచ్చింది. మంచివైతే ఒక్కోటి రెండు మూడొందలు. ఆరేడు కావాలి కాబట్టి ఒక్కసారిగా చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకని నేను మొదట రెండు కొని, ఒకటి కుట్లు విప్పి చూశాను. లోపల మంత్రమేమీ లేదు. సికింద్రాబాదు జనరల్ బజార్‌కి పోయి మెత్తటి ఫ్లానెల్ రెండు మీటర్లు, ఇంట్లో పాత టర్కీ టవలు ఒకటి, అడుగుకి తడి దిగని పలచని లామినేట్ గుడ్డ కాస్త, టిచ్ బటన్లు. లామినేట్ దొరక్కపోతే రెయిన్‌కోటు గుడ్డ వెయ్యకండి. గాలాడక ఒళ్లు ఉడికిపోతుంది. దానికన్నా ఫ్లానెల్ ఇంకో రెండు పొరలు మేలు.

ఏఎస్ రావు నగర్ వైపు సందులో ఒక చిన్న గదిలో బ్లౌజులు కుట్టే ఆవిడ దగ్గరికి కాగితం నమూనా పట్టుకెళ్లాను. ఇరవై ఆరు సెంటీమీటర్ల పొడవు, నడుమ ఏడు, రెండు పక్కలా రెక్కలు. ఆవిడ తిప్పి తిప్పి చూసి, "గిదేందక్కా, చిన్నపిల్లల బిబ్బా?" అంది. చెప్పాను. మిషను ఆపి తలుపు దగ్గరికేసింది. ఆ తర్వాత నా నమూనాలో తప్పులు ఒక్కొక్కటే పట్టింది. గుడ్డ తడిపి ఆరబెట్టకుండానే కత్తిరించమంటున్నానట, రెండు ఉతుకులకే ముడుచుకుపోతుందట. అన్నిటికన్నా పెద్ద తప్పు, పొరలు కదలకుండా నడిమధ్య నిలువునా కుట్టు వెయ్యమన్నాను. "నడుమల కుట్టెయ్యొద్దు. సూది వొయిన తొవ్వకెల్లే నీళ్లు గూడ వోతయ్." టవలు ముక్కని రెండు ఫ్లానెల్ పొరల మధ్య పెట్టి అంచులు మాత్రమే పట్టి కుట్టింది. తిరగేసి, చుట్టూ ఇంకో కుట్టు. రెక్కలకి బటన్లు రెండు జతలు, బిగువు మార్చుకోడానికి. నేను నెట్‌లో వారం రోజులు చదివినదాంట్లో ఆ సూది దారి మాట ఎక్కడా లేదు.

రంగు విషయంలో నా పట్టుదల ఒకటుంది. అందరూ మరక కనపడదని ముదురు రంగు కొంటారు. పైపొర లేత రంగుదే ఉండాలంటాను. మరక పోయిందో లేదో కనపడకపోతే ఉతికినట్టు ఎలా తెలుస్తుంది?

ఉతకడం కష్టమేమో అని భయపడ్డదాన్ని. చన్నీళ్లలో అరగంట నానబెట్టాలి. వేడినీళ్లు పోస్తే నెత్తురు గడ్డకట్టి మరక అక్కడే అంటుకుపోతుంది. రాత్రంతా నానితే వాసన. ఆ నీళ్లు మా మందార చెట్టుకి, తర్వాత మామూలు సబ్బు. మెత్తదనం కోసం పోసే ద్రవాలు వద్దు, అవి నూలుకి పూతలా పట్టి పీల్చుకోనివ్వవు. మా బోరు నీళ్లకి సబ్బు నురగే రాదు, ఇంకో నాలుగుసార్లు జాడించాలి. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే నెలల్లో అది ఖర్చే. అప్పుడు రోజుకి ఒకటి రెండు కొన్నవి వాడేస్తాను, సిగ్గేమీ పడను.

అసలు కష్టం ఆరేయడం. తువ్వాలు తీసెయ్యడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తీసిన వారానికే పక్క డాబా మీద కుండీలకి నీళ్లు పోస్తున్న పెద్దాయన, రిటైరైన మిలటరీ మనిషి, పూల ఫ్లానెల్ ముక్కలు వరసగా చూసి, "ఏంటమ్మా, మళ్లీ మాస్కులు కుడుతున్నావా? కరోనా ఏమన్నా వచ్చిందా?" అన్నారు. కాదంకుల్, నెలసరివి అన్నాను. "అలాగా" అని పైపు రెండో కుండీకి మార్చారు. పాముల కథలన్నీ ఆ "అలాగా"లో తేలిపోయాయి.

డాబా ఉన్నదాన్ని కాబట్టి ఇదంతా చెబుతున్నాను. అపార్ట్‌మెంట్లలో టెర్రస్ తాళం అసోసియేషన్ దగ్గర ఉంటుంది, యుటిలిటీలో ఎండ పడదు. హాస్టల్లో ఇరవైమందికి ఒక్క తీగ. ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం పెట్టి ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా అమ్మాయిలకి నెలకి పది ప్యాడ్లు ఉచితమంది. ఆరేసే చోటు లేనివాళ్లకి అలాంటి ప్యాడ్లే సరి. గుడ్డ పెట్టుకోమని వాళ్లకి చెప్పే ముందు తీగ కట్టే చోటు చూపించాలి.

మొన్న ఇంకో ఆరు కుట్టించుకోడానికి వెళ్లాను. మా చెల్లెలి కూతురు అడిగింది, ఈ పక్కనే కాలేజీలో చదువుతోంది. టైలరమ్మ ఇప్పుడు నమూనా అడగదు, చేతికొచ్చేసింది. ఫ్లానెల్ ముక్కలు మిగిలాయి, నాలుగు నువ్వు కుట్టుకో అన్నాను. "మంచిగనే ఉంటయక్కా" అంది బటను నొక్కుతూ. "గని మాది కింది రూము. దండెం ఓనరోళ్లది."